అరుగు నుంచి అరుగు దాకా



మా ఇల్లు లాల్‌దర్వాజ నుంచి గౌలిపురా వైపు పోయే ఒక గల్లీలో. పెండ్లయి ఆ ఇంట్లో అడుగుపెట్టి ముప్పై ఎనిమిదేండ్లు. వాకిట్లో మూడు మెట్లు. పై రెండూ శాబాదు బండలవి, అడుగుది సిమెంటుది. ఆ సిమెంటు మెట్టు మిగతా రెండింటికన్నా రెండు వేళ్ళు లోతు. ఈ సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు, చీకట్లో కూడా నా కాలికి తెలుసు. అయినా పోయినేడు జ్యేష్ఠంలో, మంచి వాన పడిన మర్నాడు పొద్దున, పాలాయన కేక విని చెంబు పట్టుకుని దిగుతుంటే ఆ రెండు వేళ్ళ లెక్కే తప్పింది. కుడికాలు లోపలికి మడతపడింది. చెంబు గల్లీలో దొర్లిన చప్పుడు అందరూ విన్నారు. అంతకుముందు ఎండు చింతకాయ విరిచినట్టు ఒక చిన్న చప్పుడైంది. అది నేనొక్కదాన్నే విన్నాను.

గంట తిరిగేసరికి మా అరుగు మీద వైద్యసభ కొలువుదీరింది. పక్కింటి ఖాలా పైల్వాన్ దగ్గరికి పోదామన్నది. పాతబస్తీలో పైల్వాన్ అంటే కుస్తీ పట్టేవాడే కాదు, జారిన కీలును గుంజి కూర్చోబెట్టేవాడు కూడా. తాలీంఖానాల్లో రోజూ చేతులూ కాళ్ళూ మెలిపెట్టుకునే వాళ్ళకు ఆ విద్య రాకపోతే ఎట్లా మరి! మటన్ దుకాణం అన్న మాత్రం పుత్తూరు కట్టే కట్టు అన్నాడు. ఎక్కడో తిరుపతి దాపున ఉన్న పుత్తూరు పేరు మన పట్నంలో సందుకొక బోర్డు మీద కనిపిస్తుంది. ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, బట్ట, ఇవీ ఆ కట్టు సరంజామా. రిటైరైన క్లర్కు మామ నిమ్స్‌కు పొమ్మన్నాడు. 1964లో మొదలైనప్పుడు అది అచ్చంగా ఎముకల దవాఖానే, నిజాం ట్రస్టు కట్టించింది. ఆ తరువాతే అన్ని జబ్బులకూ పెద్ద దవాఖాన అయింది.

మా అత్తమ్మకు ఎనభై ఆరేండ్లు. ఆమె లెక్కలో ఉస్మానియా తప్ప తక్కినవేవీ దవాఖానలు కావు. ఉస్మానియా మాట ఎత్తితే చింతచెట్టు మాట రాక తప్పదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు నూటయాభై మంది దాకా ఆ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఇప్పుడు మనం చూసే గుమ్మటాల భవనం ఆ వరద తరువాత కట్టిందే. "దవాఖాన కంటె ముందుగాల ఆడ చెట్టే పానాలు కాపాడింది బిడ్డా" అంటుంది అత్తమ్మ. కాలు విరిగిన కోడలికి చెట్టు ఏ విధంగా పనికొస్తుందో మాత్రం చెప్పదు.

నేను ముప్పై ఏండ్లు సర్కారు బడిలో సైన్సు చెప్పినదాన్ని. ఒట్టావా నియమాలని ఒక లెక్క ఎప్పుడో చదివి గుర్తుపెట్టుకున్నాను. 1992లో కెనడా డాక్టర్లు తయారుచేశారు. దెబ్బ తగిలినప్పుడూ, దవాఖానకు వచ్చాకా కూడా నాలుగడుగులు వేయలేకపోతే ఎక్స్‌రే తీయాలి. చీలమండకు అటూ ఇటూ ఉబ్బెత్తుగా ఉండే ఎముకల వెనక అంచున నొక్కితే నొప్పి పుట్టినా తీయాలి. పాదం మధ్యలో కూడా చూడవలసిన చోట్లు రెండున్నాయి. ఇవేవీ లేకపోతే చాలావరకు అది ఉత్త బెణుకే. ఈ చిన్న లెక్కతో లోకం మీద ఎన్ని ఎక్స్‌రేలు తప్పాయో! నేను గోడ పట్టుకుని అడుగులు లెక్కపెట్టాను. మూడో దానికి కళ్ళు బైర్లు కమ్మాయి. పైల్వాన్ విద్య మీద నాకు గౌరవం లేక కాదు గానీ, విరిగిందో బెణికిందో తేలకముందు ఎవరు గుంజినా ప్రమాదమే. ఆ మాటే ఖాలాకు చెప్పాను. "హౌ, టీచరమ్మా, నీ ఇష్టం" అని ఆమే ఆటో పిలిపించింది.

బయటివైపు ఎముక చివర పగిలింది. మోకాలి కింద రెండు పొడుగు ఎముకలుంటాయి గదా, వాటి చివరలు రెండూ పట్టకారులాగ పాదం ఎముకను అటూ ఇటూ పట్టుకుంటాయి. నాకు ఆ పట్టకారులో సన్నటి కాడ చిట్లింది. పక్కకు జరగలేదు కాబట్టి కోత అక్కర్లేదన్నారు. ఆరు వారాలు పిండికట్టు, కాలు నేలకు తగలొద్దు అన్నారు.

పిండికట్టు వేస్తున్నప్పుడు నొప్పి మరిచిపోయి చూశాను. తడి పట్టీ చుట్టిన కాసేపటికి కాలు వెచ్చబడింది. ఎనిమిదో తరగతి పిల్లలకు బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పానో ఈ సంగతి! జిప్సం రాయిని కాలిస్తే అందులోని నీళ్ళు చాలామట్టుకు పోయి పిండి అవుతుంది. ఆ పిండికి మళ్ళీ నీళ్ళు తగిలితే వేడి పుట్టించుకుంటూ తిరిగి రాయి అయిపోతుంది. చెప్పినన్నాళ్ళూ అది సమీకరణమే, నా కాలి మీద వెచ్చగా తగిలిన రోజున అర్థమైంది. ఆ పిండిని బట్టకు పట్టించి కట్లు కట్టే పద్ధతి 1850ల మొదట్లో మతైసెన్ అనే డచ్చి సైన్యం డాక్టరు కనిపెట్టాడు. అంతకు వందేండ్ల ముందు, 1756లో, లండన్‌లో పెర్సివల్ పాట్ అనే డాక్టరు గుర్రం మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఎవర్నీ తాకనివ్వకుండా నడిరోడ్డు మీద పడుకుని, ఒక తలుపు కొని తెప్పించి, దానికి పల్లకీ బోయీల కర్రలు కొట్టించి, దానిమీద ఇంటికి మోయించుకున్నాడట. చీలమండ ఎముక విరిగితే దానికి ఇప్పటికీ ఆయన పేరే. ఆయనకు విరిగింది మాత్రం చీలమండ కాదని తరువాతి వాళ్ళు తేల్చారు. ఏదైతేనేం, రోడ్డు మీద పడుకుని తలుపు బేరమాడిన మనిషంటే నాకు ఇష్టం.

ఇక చంకకర్రలు. అవి మేము కొనలేదు. ఖాలా మనవడు రెండు గల్లీల అవతల ఎవరింటి అటక మీంచో దించుకొచ్చాడు. అల్యూమినియంవి కావు, పాతకాలం కర్రవి, చెవుల నట్లు బిగించేవి. చంక కింద ఆనించే చోట ఎవరో పచ్చటి బట్ట మెత్తగా చుట్టి సూదితో కుట్టేశారు. ఎత్తు సరిచేసే చిల్లుల పక్కన మేకుతో గీసిన గీతలున్నాయి. పై చిల్లు పక్కన ఒకటి, మధ్యలో రెండు, అట్టడుగు చిల్లు పక్కన ఒకటి. అట్టడుగుది చిన్నపిల్లవాడిదై ఉంటుంది. నాకంటే ముందు కనీసం నలుగురు వాటి మీద నడిచారు.

దవాఖానలో కసరత్తులు నేర్పే అమ్మాయి మొదటి రోజే చేతులు పట్టుకుంది. "అమ్మా, పేరుకే చంకకర్రలు. చంకల మీద ఆనకండి" అన్నది. బరువంతా అరచేతుల మీద పడాలి. చంకకూ కర్రకూ మధ్య రెండు మూడు వేళ్ళ సందుండాలి. పిడి మణికట్టు ఎత్తున ఉండి మోచెయ్యి కొంచెం వంగాలి. చంకలో వేలాడితే అక్కడి నరం నలిగి మణికట్టు వాలిపోతుందట. మెట్ల దగ్గర ఆమె చెప్పిన సూత్రం నాకు మూడు రోజులు పట్టలేదు. ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు కర్రలతో పాటు చెడ్డకాలు ముందు. మావాళ్ళు దీన్ని పాటలాగ అప్పజెప్పేవాళ్ళు. నేనొక మెట్టు మీద తడబడితే లోపలినుంచి మనవరాలు అరిచేది, "నాయనమ్మా, మంచిది మీదికి!"

కాలు పోయిందని అందరూ అనుకుంటారు. నిజంగా పోయేవి చేతులు. రెండు చేతులూ కాళ్ళ పనికి పోతాయి, ఇక చాయ్ గ్లాసు వంటింట్లోంచి వాకిట్లోకి రాదు. మెడకొక గుడ్డసంచి వేలాడేసుకుని, మూత బిగించిన చెంబులో చాయ్ పోసుకుని, తలుపు దగ్గరి కుర్చీలో కూలబడి తాగేదాన్ని. చీర కుచ్చిళ్ళు కర్రకింద పడుతున్నాయని కోడలి పంజాబీ డ్రెస్సుల్లోకి మారాను. గాజులు పిడికి తగిలి టపటపా పగిలాయి, తీసేశాను. ఆ వయసులో పంజాబీ డ్రెస్సు, బోసి చేతులు. అద్దంలో ఎవరో కొత్త మనిషి. రాత్రి పూట పిండికట్టు లోపల దురద మొదలైతే చీపురుపుల్ల కోసం వెతికేదాన్ని. పుల్ల విరిగి లోపల ఉండిపోతే పుండవుతుందని డాక్టరు కసిరాడు, నిజమే. కానీ ఆయనకు దురద పుట్టలేదు గదా.

నాలుగో వారం వచ్చింది. బోనాలు దగ్గరపడ్డాయి. కోడలికి గాజులు నేనే తేవాలని పట్టుబట్టి ఆటో ఎక్కాను. చార్మినార్ చుట్టూ బండ్లు రానివ్వరు గదా, ఆటో అబ్బాయి మక్కా మసీదు ఇవతలే దింపాడు. అక్కడినుంచి లాడ్‌బజార్ అంటే మంచికాళ్ళవాళ్ళకు ఐదు నిమిషాలు. నేను పోతూ పోతూ ఆరుచోట్ల కూర్చున్నాను. అప్పుడే నాకీ పాతబస్తీ సంగతి ఒకటి తెలిసింది. ముప్పై ఎనిమిదేండ్లుగా దీని ఇరుకును తిట్టుకున్నదాన్నే. ఇక్కడ ప్రతి దుకాణానికీ ఒక అరుగుంది. వీళ్ళు చబూత్రా అంటారు. అరుగు లేని చోట స్టూలు, స్టూలు లేని చోట బోర్లించిన పెట్టె. అత్తరు దుకాణం ముసలాయన నన్ను చూడగానే బేరం మాట ఎత్తకుండా గల్లాపెట్టె ముందరి జాగా చేత్తో తుడిచి, "బైఠో అమ్మా" అన్నాడు. కొనమని అడగలేదు. గడియారాలు బాగుచేసే అబ్బాయి కన్నుకు తగిలించిన భూతద్దం తియ్యకుండానే కాలితో స్టూలు ముందుకు జరిపాడు. వచ్చే మనిషి నిలబడి ఉండడు, కూర్చుంటాడు అనుకుని కట్టిన బజారు ఇది.

మాదాపూర్ వైపు కూడా అదే నెలలో ఒకసారి పోయాను. అద్దాల భవనాలు, లిఫ్టులు, నునుపైన గ్రానైటు. లోపల అన్ని సౌకర్యాలూ ఉన్నాయి, కాదనను. బయట ఫుట్‌పాత్ మీద అరకిలోమీటరు పోతే ఒంగి ఆనుకోవడానికి గోడ కూడా దొరకలేదు. దూరాన్ని గజాల్లో కొలవడం మానేసి, కూర్చునే చోట్లతో కొలవడం అలవాటైంది నాకు. ఆ కొలతలో లాల్‌దర్వాజ నుంచి చార్మినార్ చాలా దగ్గర. 

అంటే పాతబస్తీ కర్రలవాళ్ళకు స్వర్గమని చెప్పడం లేదు. చార్మినార్ చుట్టూ పరిచిన రాతి పలకలు వానకు తడిస్తే చేపవీపులే. గల్లీలో మూతలేని మోరీ ఎటునుంచి వస్తుందో, బైకు ఎటునుంచి వస్తుందో తెలియదు. 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది, సర్కారు భవనాలకు ర్యాంపులుండాలి. నా పెన్షన్ కాగితం పనికోసం పోయిన ఒక ఆఫీసులో ర్యాంపు ఉంది కూడా. దాని మీద స్కూటర్లు నిలబెట్టారు.

నాలుగో మజిలీ యునానీ దవాఖాన మెట్ల మీద. అక్కడ కూర్చుంటే చార్మినార్ నిండుగా కనిపిస్తుంది. పైదాకా 149 మెట్లు. ఈ కాలుతో అటు చూడడం కూడా దండగే. కానీ ఆ రోజు మీనార్లను ఒక రోగి ఇంకొక రోగిని చూసినట్టు చూశాను. 2019 మే నెలలో ఒక మీనారు మీంచి గచ్చు నగిషీ ముక్క ఊడి కిందపడింది, గుర్తుందా? పురావస్తు శాఖవాళ్ళు కొయ్యలు కట్టి మళ్ళీ గచ్చు పెట్టారు. 1824లోనూ లక్ష రూపాయలు పోసి మొత్తం గచ్చు పూయించారని చెబుతారు. నా కాలి పిండి పావుగంటలో గట్టిపడింది. సున్నపు గచ్చుకు ఆ తొందర లేదు. అది గాల్లోంచి బొగ్గుపులుసు వాయువును కొంచెం కొంచెంగా పీల్చుకుంటూ ఏండ్ల తరబడి రాయిగా మారుతూనే ఉంటుంది. 1591 నాటి మనిషికి కట్టు కడితే ఆరు వారాల్లో ఎట్లా విప్పుతారు మరి!

ఊరికి చార్మినార్ నిలబెట్టిన మహమ్మద్ కులీ కుతుబ్‌షాయే నాలుగేండ్లకు, 1595లో, దారుల్‌షిఫా కట్టించాడు. షిఫా అంటే స్వస్థత. మధ్యలో వాకిలి, చుట్టూ రెండంతస్తుల గదులు. రోగులకు వైద్యం, విద్యార్థులకు యునానీ చదువు అక్కడే. ఊరు పుట్టీ పుట్టగానే దవాఖాన. ఇప్పుడు అది దవాఖాన కాదు, గోడలు పాతబడ్డాయి, ఆ పేరు ఒక బస్తీకి మిగిలింది. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్ల మెట్రో ఆ దారినే శాలిబండ మీదుగా వస్తుంది. రోడ్డు వెడల్పు కోసం ఇండ్ల ముఖాలు, దుకాణాల ముఖాలు కొట్టేస్తున్నారు. మెట్రో రావాలి. లిఫ్టు ఎక్కి రైల్లో కూర్చోవాలని నాకంటే ఎక్కువ ఎవరికుంటుంది? కాకపోతే ముఖం కొట్టేసినప్పుడు మొదట పోయేది అరుగే. తిరిగి కట్టుకునేటప్పుడు ఎవరూ అరుగు కట్టుకోరు, షట్టరు రోడ్డంచుకు తెస్తారు. వాళ్ళను అని లాభం లేదు, మిగిలిందే పది అడుగులైతే అరుగుకెక్కడ ఇస్తారు? 

లాడ్‌బజార్‌లో కోడలికి లక్కగాజులు తీసుకున్నాను. దుకాణం ఆయన నా బోసిచేతులు చూసి ఏమీ అనకుండా, పిడి పట్టుకున్నా తగలనంత బిగుతైన జత ఒకటి ఏరి నా ముందు పెట్టాడు. లక్క కదా, గాజులాగ పగలదన్నాడు. తొడుక్కున్నాను.

తిరిగి వస్తుంటే తడిరాయి మీద ఎడమకర్ర జర్రున జారింది. పడలేదు, ఎవరో వెనకనుంచి భుజం పట్టారు. శాలిబండ దగ్గర చెప్పులు కుట్టే ఆయన ముందు ఆటో ఆపించుకున్నాను. ఆయన కర్రను తలకిందులు చేసి అడుగున రబ్బరు టోపీని బొటనవేలితో తడిమాడు. లోపలి అంచు అరిగి నున్నగా వంకరైపోయింది, బయటి అంచు కొత్తదానిలాగే గీతలతో ఉంది. "అమ్మా, కర్రలు దూరం దూరం పెడుతున్నరు. పక్కకు తంతున్నయి. దగ్గరికి పెట్టుండ్రి" అన్నాడు. నా నడక చూడలేదు ఆయన. రబ్బరు చూసి చెప్పాడు. పాత టైరు ముక్క తీసుకుని, కత్తిని నీళ్ళలో ముంచి గుండ్రంగా కోసి, గాట్లు పెట్టి, కర్రకు బిగించాడు. గాట్లు ఎందుకంటే నీళ్ళు పక్కకు పోవాలట. అప్పటినుంచి ఒక్కసారి జారలేదు.

ఆషాఢం చివరి ఆదివారం లాల్‌దర్వాజ బోనాలు. సింహవాహిని అమ్మవారికి ముప్పై ఏడు బోనాలెత్తిన తల ఇది. ఆ ఏడు కోడలెత్తింది. పసుపు పూసిన కుండ, వేపాకులు, పైన దీపం, ఆమె మెడ నిటారుగా ఉంది, నాకు కుళ్ళుబోతుతనం వచ్చింది, దాచుకోను. ఈ గుడి బోనాలకు 1908 వరదతోనే ముడిపెడతారు పెద్దలు. మహారాజా కిషన్ ప్రసాద్ సలహా మీద ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ మూసీకి పట్టుచీర, పసుపు కుంకుమలు సమర్పించాడని మా అత్తమ్మ వాళ్ళ నాయనమ్మ చెప్పేదట. నన్ను మా బస్తీ కిరాణా దుకాణం అరుగు మీద కూర్చోబెట్టారు, కాలు బియ్యం బస్తా మీద. డప్పుల మధ్య పోతరాజు వచ్చాడు. ఒంటినిండా పసుపు, చేతిలో కొరడా, అందరూ కొరడా చూస్తున్నారు. నేను ఆయన చీలమండలు చూస్తున్నాను. గజ్జెల బరువంతా అక్కడే. ఒక్కొక్క గంతుకూ పాదం ఎట్లా వాలుతున్నది, మడమ ఎట్లా తిరుగుతున్నది, రోడ్డు గుంతలో పడి కూడా ఆ పట్టకారు ఎట్లా నిభాయిస్తున్నది! మర్నాడు రంగంలో అమ్మ పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెబుతుంటే ఈసారి టీవీలో చూశాను. వానల సంగతి ఏం చెప్పిందో గుర్తులేదు. కుండ మీది పాదాలు గుర్తున్నాయి.

ఆరు వారాలకు కట్టు కోశారు. లోపలినుంచి బయటపడ్డ కాలు నాది కాదనిపించింది. పిక్క సన్నబడి, చర్మం పొట్టు రేగి, వంకాయ కాడలాగ ఉంది. కసరత్తుల అమ్మాయి, రోజూ మూడు పూటలా బొటనవేలితో గాల్లో ఏబీసీడీలు రాయమంది. చీలమండ అన్నివైపులా తిరగాలని. ఏబీసీడీలన్నీ గీతలూ మూలలూ, వాటితో ఏం తిరుగుతుంది? నేను అ ఆ లు రాశాను. సున్నాలు, సుడులు, తలకట్లు, ఒత్తులు. 'ఖ' దగ్గర నొప్పి తెలిసేది, 'ఝ' దగ్గర ఆగిపోయేదాన్ని. శ్రావణం మధ్యకు 'ఝ' పూర్తయింది. మనవరాలు మంచం పక్కన నిలబడి నా వేలు చూసి అక్షరం కనుక్కునేది. తప్పు చెబితే నా కాలిదే తప్పు.

కర్రలు మూలకు చేరాయి. నేను మేకు తీసుకుని, మధ్య చిల్లు పక్కన మూడో గీత గీశాను. ఖాలాకు పంపుదామనుకుంటూనే పది రోజులు గడిచాయి. ఒక సాయంత్రం ఛత్రినాక వైపునుంచి ఒక అబ్బాయి వచ్చాడు, ముందు ఎప్పుడూ చూడలేదు. వాళ్ళ నాయన నిచ్చెన మీంచి పడ్డాడట, "కట్టెలు మీ దగ్గరున్నయంటగదమ్మా" అన్నాడు. ఎవరు చెప్పారో అడగలేదు. పచ్చబట్ట చెమటకు నల్లబడిందని దాని మీద నేను నా పాత నేతచీర ముక్క చుట్టుకున్నాను. అది విప్పబోతే ఆ అబ్బాయి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండనియ్యండమ్మా, మెత్తగున్నది" అన్నాడు. కర్రలు రెండూ భుజాన వేసుకుని మూడు మెట్లూ దిగాడు. మూడో దాని దగ్గర నేను లోపలినుంచి అరిచాను, "బిడ్డా, పదిలం, అది లోతు!"